ఆగస్టు వానలో మొదటి ఫుల్ మారథాన్: జాకెట్ కొనకండి, పాదాలు చూసుకోండి

మీరు అడిగింది ఇదీ: హైదరాబాద్ మారథాన్‌లో మొదటిసారి ఫుల్‌కి, అంటే 42 కిలోమీటర్లకి, పేరిచ్చారు, ఆదివారం భారీ వర్షం ఉందంటున్నారు. పరుగెత్తాలా, మానెయ్యాలా? పరుగెత్తేట్టయితే రెయిన్ జాకెట్, వాటర్‌ప్రూఫ్ షూస్ కొనాలా? రెండో ప్రశ్నకు జవాబు చిన్నది, అందుకే ముందు చెప్తాను. రెండూ కొనకండి. ఆ డబ్బుతో ఒక జత మంచి సాక్సులు, ఒక పెద్ద వాసలైన్ డబ్బా, ముందు అంచు ఉన్న టోపీ కొనుక్కోండి.

వానలో మారథాన్ గురించి నెట్‌లో వెతికితే దొరికే సలహాలు చాలావరకు చల్లటి ఊళ్ల వాన కోసం రాసినవి. 2018 ఏప్రిల్ 16న బోస్టన్ మారథాన్ జరిగిన రోజు ఉష్ణోగ్రత 4 డిగ్రీల దగ్గర ఉంది. పైనుంచి తెరిపి లేని వాన, ఎదురుగాలి. పేరు మోసిన రన్నర్లు చాలామంది మధ్యలోనే ఆగిపోయారు. మహిళల్లో గెలిచిన డెజిరే లిండెన్ జాకెట్ విప్పకుండానే చివరిదాకా పరుగెత్తి 2 గంటల 39 నిమిషాల 54 సెకన్లలో పూర్తి చేసింది. మరుసటి ఏడాది టోక్యోలోనూ చలి, వాన కలిసే వచ్చాయి. అక్కడ బిర్హాను లెగెసె 2 గంటల 4 నిమిషాల 48 సెకన్లలో గెలిచాడు. అప్పటికి జపాన్ జాతీయ రికార్డు తన పేరిటే ఉన్న సుగురు ఒసాకో మాత్రం చలికి ఒళ్లు బిగుసుకుపోయి పూర్తి చేయలేకపోయాడు. అలాంటి వానకు జాకెట్, గ్లోవ్స్, చేతులకు స్లీవ్స్ అన్నీ కావాల్సిందే. అమెరికాలోనో యూరప్‌లోనో ఉన్న మనవాళ్లు ఇది చదువుతుంటే, కింద నేను బట్టల గురించి రాసింది మీ వానకు వర్తించదు.

మన ఆగస్టు వాన సంగతి వేరు. తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు మీద 22, 23 డిగ్రీలుంటుంది, గాలిలో తేమ 90 శాతం దాటుతుంది. మామూలుగా పరుగెత్తేటప్పుడు చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో అంత తేమ ఉంటే చెమట ఆరదు, కారిపోతుంది. అందుకే వాన లేని ఆగస్టు ఉదయం 15 కిలోమీటర్లకే గుండె వేగం పెరిగిపోయి, కాళ్లలో సత్తువ ఉన్నా పేస్ (పరుగు వేగం) పడిపోతుంది. అదే గట్టి వాన పడుతుంటే, ఒంటికన్నా చల్లగా ఉండే నీళ్లు చర్మం మీదుగా జారిపోతూ వేడిని తమతో తీసుకుపోతాయి. చెమట చేయలేని పని వాన చేస్తుంది. ఇలాంటి రోజున జాకెట్ వేసుకుంటే ఆ లాభం పోతుంది. నాలుగు కిలోమీటర్లు దాటకముందే లోపల ఉడికిపోతారు, అయినా తడవకుండా ఉండరు. బయట వానతో తడవాల్సింది లోపల చెమటతో తడుస్తారు, అంతే తేడా.

కాబట్టి మన దగ్గర వానలో ఫుల్ చెడేది చలి వల్ల చాలా అరుదు. చెడగొట్టేవి మూడు: నానిన పాదాలు, ఒరుసుకుపోయిన చర్మం, వాన వెలిశాక వచ్చే ఉక్క. నేను ఏళ్లుగా మొదటిసారి ఫుల్ చేసేవాళ్లతో కలిసి పరుగెడుతున్నాను. వాన రోజున 30 కిలోమీటర్లు దాటాక రోడ్డు పక్కన కూర్చున్నవాళ్లను ఏమైందని అడిగితే, ఎక్కువమంది నోట వినిపించేది ఈ మూడింట్లో ఏదో ఒకటే.

ఇక పరుగెత్తాలా మానాలా అన్నది. ముందుగా వాతావరణ శాఖ (ఐఎండీ) భాషను సరిగ్గా చదవాలి. 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్ల వరకు పడితే ఐఎండీ లెక్కలో భారీ వర్షం. 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ, ఆపైన అత్యంత భారీ. ఆ హెచ్చరిక జిల్లా మొత్తానికి, రోజు మొత్తానికి ఇచ్చేది. ఆరెంజ్ అలర్ట్ ఉన్నంత మాత్రాన మీరు రోడ్డు మీదుండే ఆ ఐదారు గంటలూ కుండపోత ఉంటుందని అర్థం కాదు, సాయంత్రం పడొచ్చు. శనివారం రాత్రి టీవీ చూసి టెన్షన్ పడటం కన్నా, ఆదివారం లేవగానే ఐఎండీ నౌకాస్ట్, హైదరాబాద్ రాడార్ చిత్రం చూడండి. వచ్చే రెండు మూడు గంటల గురించి వాటికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

వాన ఒక్కటే మానుకోవడానికి కారణం కాదు. పిడుగులు కారణం. రోడ్డు మీద నిలిచిన వరద కారణం. మీ ఒంట్లో జ్వరం కారణం. మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు మీ మీద పడగలిగేంత దగ్గర్లో ఉన్నట్టే. అప్పుడు ఫ్లైఓవర్ మీద, చెట్టు కింద, ఆర్చ్‌ల దగ్గర, టెంట్ల కింద నిలబడకూడదు. గట్టి భవనం లోపలికో, అద్దాలు మూసిన కారులోకో వెళ్లాలి. చివరి ఉరుము విన్న తర్వాత అరగంట ఆగాలి. టైమ్ పోతుందని ఆ అరగంటను తగ్గించకండి. ఆగస్టు ముసురులో పిడుగులు ఏప్రిల్, మేలో వచ్చినంతగా రావు, కానీ రావని లేదు. ఇక జ్వరం సంగతి. ఈ వారంలో వైరల్ ఫీవర్ వచ్చి మొన్ననే తగ్గినా సరే, ఈసారికి వదిలేయండి. జ్వరం నుంచి తేరుకోని ఒంటితో 42 కిలోమీటర్లు పరుగెడితే గుండె కండరానికి ప్రమాదం. ఈ మాట ఏ డాక్టర్‌నడిగినా చెప్తారు. నిర్వాహకులు రద్దు చేసినా, దూరం తగ్గించినా వాదించకుండా ఒప్పుకోండి.

ఇవేవీ లేకపోతే వెళ్లండి. హాయిగా పరుగెత్తగలిగే రోజే.

పాదాల దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే వాన రోజున సగం రేసు అక్కడే ఉంది. వాటర్‌ప్రూఫ్ షూలో నీళ్లు కింద నుంచి రావు, కానీ చీలమండ దగ్గర నుంచి లోపలికి కారతాయి. కారినవి బయటికి పోయే దారి ఉండదు. మీరు లాంగ్ రన్స్ చేసిన మామూలు మెష్ షూయే మంచిది. అడుగు వేసినప్పుడల్లా లోపలి నీళ్లు మెష్‌లోంచి బయటికి చిమ్ముతాయి. కొత్త షూ మాత్రం వద్దే వద్దు. అడుగు రబ్బరు అరిగి నున్నగా అయిపోయిన పాతదీ వద్దు. షూ లోపలి ఇన్‌సోల్ ఒకసారి చేత్తో లాగి చూడండి. కొన్నింట్లో అది అంటించి ఉండదు, తడిస్తే ముందుకు జారి వేళ్ల కింద ముడతపడుతుంది. మీది అలాంటిదైతే అంచుల్లో సన్నటి డబుల్ సైడ్ టేప్ వేసి, ఒక వాన రన్‌లో పరీక్షించుకోండి.

సాక్సులు పలచగా, పాలిస్టర్ లేదా నైలాన్‌వి, పాదానికి అంటిపెట్టుకున్నట్టుండాలి. కాటన్ సాక్సు నీళ్లు పీల్చుకుని బరువెక్కి, సాగి, మడమ దగ్గర మడత పడుతుంది. ఆ మడత ఉన్నచోటే బొబ్బ లేస్తుంది. చాలాసేపు నానిన చర్మం తెల్లగా, ముడతలుగా, మెత్తగా అవుతుంది. స్నానం ఎక్కువసేపు చేసినప్పుడు వేళ్ల చివర్లు ఎలా అవుతాయో పాదం మొత్తం అలా అవుతుంది. అలాంటి చర్మం కొద్దిపాటి రాపిడికే పొర లేచిపోతుంది.

కాబట్టి చర్మంలోకి నీళ్లు వెళ్లకుండా ముందే అడ్డం వేయాలి. ఇలా చేయండి: ముందురోజు గోళ్లు సమంగా కత్తిరించుకోండి, మరీ లోపలికి కాదు. ఉదయం పాదాలు పూర్తిగా పొడిగా తుడుచుకుని, ప్రతి రెండు వేళ్ల మధ్యా వేలు దూర్చి వాసలైన్ రాయండి. వేళ్ల చివర్లు, బొటనవేలి పక్క ఎముక, అరికాలి వంపు, మడమ వెనకభాగం ఏదీ వదలొద్దు. తెల్లగా కనిపించేంత మందంగా ఉండాలి. ఆ తర్వాత సాక్సు వేసుకుని, ముడతలు లేకుండా వేళ్లతో సాపు చేయండి. కొబ్బరి నూనె రాస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. నూనె పలచగా ఉండి వాన నీళ్లకు త్వరగా కొట్టుకుపోతుంది, వాసలైన్ నిలుస్తుంది. పాత బొబ్బ గుర్తు ఉన్నచోట టేప్ వేసేట్టయితే, టేప్ ముందు, వాసలైన్ తర్వాత. వరస మారితే టేప్ అంటుకోదు.

లేసులు రెండు ముళ్లు వేసి, మిగిలిన కొసల్ని లేసుల కిందికి దోపండి. తడి లేసు సడలితే షూలో పాదం ముందుకు జరిగి గోళ్లు నల్లబడతాయి. అలాగని బిగించి కట్టకండి. గంటలు గడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది.

ఒరుపు గురించి మాట్లాడటానికి మనవాళ్లు మొహమాటపడతారు, అందుకే ముందుగా ఎవరూ చెప్పరు. తొడల లోపలివైపు, చంకలు, గజ్జలు, షార్ట్స్ నడుం పట్టీ కింద, అన్నిచోట్లా వాసలైన్ దట్టించండి. మగవాళ్లకు చనుమొనలు తడి టీషర్టుకు రాసుకుని రక్తం కారడం వాన రోజుల్లో మామూలే. పొడి చర్మం మీద, ఇంట్లోనే, మైక్రోపోర్ టేప్ అడ్డంగా వేసుకుంటే సరిపోతుంది. స్టార్ట్ దగ్గర తడిసిన ఒంటి మీద వేస్తే మొదటి కిలోమీటర్‌లోనే ఊడిపోతుంది. ఆడవాళ్లకు ఇబ్బంది ఎక్కువగా స్పోర్ట్స్ బ్రా కింది పట్టీ దగ్గర, భుజం పట్టీ వెనక వస్తుంది. కుట్టు ఉన్నచోట వేలితో తడిమి చూసి, సరిగ్గా అక్కడ రాయండి. నీళ్ల బ్యాగు, బెల్టు లాంటివి పొడి వాతావరణంలో ఎంత హాయిగా ఉన్నా, తడిస్తే వేరేగా రాసుకుంటాయి. వానలో ఒక్కసారైనా వేసుకుని పరుగెత్తని వస్తువు ఏదీ రేసుకి వద్దు. ఇంకా ఒకటి రెండు పరుగులు మిగిలి ఉన్నాయి కదా, వాటిలో ఒకటి వానలోనే చేయండి. చినుకు పడితే ఇంటికి పరుగెత్తకండి.

బట్టలు తేలిగ్గా, ఒంటికి కాస్త దగ్గరగా ఉండాలి. వదులు టీషర్టు తడిసి వేలాడుతుంది. కిట్‌తో ఇచ్చిన టీషర్టు ఉతకకుండా వేసుకోవద్దు. అంచు టోపీ ఎందుకంటే, కళ్లలోకి చినుకులు కొడుతుంటే తల దించుకుని పరుగెత్తుతారు, అరగంటలో మెడ, భుజాలు పట్టేస్తాయి. కళ్లద్దాలు ఉన్నవాళ్లకు టోపీ అంచు తప్పనిసరి.

స్టార్ట్ ముందు నిలబడే సమయం మాత్రం నిజంగా చల్లగా ఉంటుంది, ఎందుకంటే కదలిక ఉండదు. అక్కడికి ఒక పెద్ద నల్ల చెత్త సంచి తీసుకెళ్లండి. అడుగున తలకు, పక్కల చేతులకు చిల్లులు చేసి తొడుక్కుంటే మంచి రెయిన్‌కోటు. పాత చెప్పులతో వెళ్లి, షూ, సాక్సులు కవర్లో పెట్టుకుని చివర్లో వేసుకుంటే మొదటి అడుగు పొడి పాదంతో పడుతుంది. పరుగు మొదలయ్యే ముందు సంచి విప్పి చెత్తబుట్టలో వేయండి. రోడ్డు మీద పడేస్తే వెనక వచ్చేవాళ్ల కాళ్లకు చుట్టుకుంటుంది. సామాన్ల కౌంటర్లో ఇచ్చే బ్యాగులో తువ్వాలు, లోదుస్తులతో సహా పొడి బట్టల జత, చెప్పులు విడి ప్లాస్టిక్ కవర్లో గట్టిగా ముడివేసి పెట్టండి. కౌంటర్ దగ్గర బ్యాగులు కూడా తడిసే అవకాశం ఉంది.

రోడ్డు గురించి. పీపుల్స్ ప్లాజా నుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా ఈ దారిలో ఫ్లైఓవర్లు చాలా ఉన్నాయి. ప్రతి ఫ్లైఓవర్ మీదా స్లాబుకూ స్లాబుకూ మధ్య ఇనప పట్టీలు అడ్డంగా కనిపిస్తాయి. తడిసిన ఇనుము మీద ఏ షూ కూడా పట్టు ఇవ్వదు. వాటిని దాటి అడుగు వేయండి, వాటి మీద కాదు. తెల్ల గీతలు, జీబ్రా క్రాసింగులు, పసుపు రంగు రంబుల్ స్ట్రిప్‌లు, మ్యాన్‌హోల్ మూతలు కూడా అంతే. మొదటి వాన పడ్డ పావుగంటలో రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జిగటగా ఉంటుంది. వాన బాగా కడిగేశాక ఆ బాధ తగ్గుతుంది. దిగుడులో అడుగు చిన్నది చేసి, పాదం ఒంటి కిందే పడేట్టు చూసుకోండి. వేగం కోసం అంగలు సాచి వేస్తే మడమ జారుతుంది. మలుపుల్లో లోపలి అంచు పట్టుకుని కోసెయ్యాలని చూడకండి, బురద చేరేది అక్కడే.

ఈ ఊళ్లో ఒక్క నియమం మాత్రం ఎప్పుడూ తప్పొద్దు: అడుగు కనిపించని నీళ్లలో కాలు పెట్టకండి. రోడ్డు మధ్యలో కాస్త ఎత్తుగా, రెండు పక్కలకూ వాలుగా వేస్తారు కాబట్టి నీళ్లు పక్కలకు చేరతాయి. మ్యాన్‌హోళ్లు, మూత లేని నాలాలు ఉండేది కూడా ఆ పక్కలే. వరద లాగడానికి మ్యాన్‌హోల్ మూతలు ఎత్తేసి ఉంచిన సందర్భాలు హైదరాబాద్‌లో ఉన్నాయి, అందులో పడి ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. అందుకే ట్రాఫిక్ మూసిన రోడ్డు మీద మధ్యలోనే పరుగెత్తండి. చీలమండ లోతు నీళ్లు తప్పనిసరైతే నడవండి, ముందువాళ్లు వెళ్లిన దారిలోనే వెళ్లండి. కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్ కంచెలు, లైటు స్తంభాలు చేతితో ముట్టుకోకండి. ఒరిగి కండరాలు సాగదీయడానికి స్తంభమే కనిపిస్తుంది, వాన రోజున గోడ వెతుక్కోండి. తెగిన వైరు నీళ్లలో కనిపిస్తే వెనక్కి తిరిగి వలంటీర్‌కి చెప్పండి. అప్పుడు పెద్ద అంగలు వేయొద్దు, పాదాలు ఒకదానికొకటి దగ్గరగా ఉంచి నేలకు రాస్తూ జరగండి. ఒక పాదానికీ ఇంకో పాదానికీ దూరం ఎంత ఎక్కువైతే ఒంట్లోంచి కరెంటు వెళ్లే ప్రమాదం అంత ఎక్కువ.

చిన్న గుంటల్లో అరచెయ్యి మందం నీళ్లను తప్పించుకుంటూ అటూ ఇటూ వంకర్లు తిరగడం మొదటి పది కిలోమీటర్లలో అందరూ చేస్తారు. పాదాలు ఎలాగూ పది నిమిషాల్లో తడుస్తాయి. వంకర్లు తిరిగితే దూరం పెరుగుతుంది, పక్కవాళ్లను గుద్దుకుంటారు, నడుం ఒకవైపు లాగుతుంది. అడుగు కనిపించే లోతు లేని నీళ్లయితే తిన్నగా వెళ్లిపోండి.

పేస్ విషయంలో నా మాట వినండి: మొదటి ఐదు కిలోమీటర్లు అనుకున్నదానికన్నా నెమ్మదిగా వెళ్లండి. వాన పడుతుంటే ఒళ్లు చల్లగా, తేలిగ్గా ఉన్నట్టనిపించి తెలియకుండానే వేగం పెరుగుతుంది. దానికి మూల్యం వాన వెలిశాక కడతారు. ఆగస్టులో తరచూ జరిగేది ఏమిటంటే, ఏడు, ఎనిమిది గంటల వేళ వాన ఆగుతుంది, మబ్బు పలచబడుతుంది, తడి రోడ్డు మీద నుంచి ఆవిరి లేస్తుంది. ఆ ఉక్కలో చెమట ఆరదు, చల్లబరిచే వానా ఉండదు. సరిగ్గా అప్పటికి మీరు 25, 30 కిలోమీటర్ల దగ్గర ఉంటారు. వాన ఆగిందని గమనించగానే పేస్ కొంచెం తగ్గించి, నీళ్ల స్టాల్ దగ్గర తలమీద, మెడమీద నీళ్లు పోసుకోవడం మొదలుపెట్టండి. తడిసి ఉన్నాం కదా మళ్లీ ఎందుకని అనుకోవద్దు. ఒంటి మీది నీళ్లు అప్పటికే వేడెక్కి ఉంటాయి, చల్లటివి మారుస్తూ ఉండాలి.

తాగడం గురించి రెండు పొరపాట్లు చూస్తుంటాను. మొదటిది, వానలో దాహం తెలియక 20 కిలోమీటర్ల దాకా ఏమీ తాగకపోవడం. చర్మం తడిగా ఉన్నంత మాత్రాన చెమట ఆగదు, వాన నీళ్లలో కలిసి కనిపించదంతే. రెండోది దీనికి విరుద్ధం. భయపడి ప్రతి స్టాల్ దగ్గరా రెండేసి గ్లాసుల మంచినీళ్లు తాగేస్తారు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రన్నర్ల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం (రక్తంలోని ఉప్పు) తక్కువగా తేలింది. పరుగులో బరువు తగ్గకుండా పెరిగినవాళ్లలో అది ఎక్కువ కనిపించింది, అంటే తాగింది పోయినదానికన్నా ఎక్కువ. దాహం వేసినప్పుడు తాగండి, దాహం తెలియకపోతే ఒక్కో స్టాల్‌లో రెండు గుక్కలు తాగండి. మీ ఒంటి లెక్క తెలియాలంటే ఒక లాంగ్ రన్‌కు ముందూ తర్వాతా బట్టలు లేకుండా, ఒళ్లు తుడుచుకుని బరువు చూసుకోండి. తడి బట్టలతో తూకం వేస్తే లెక్క తప్పుతుంది.

ఓఆర్ఎస్ వాడేట్టయితే మెడికల్ షాపులో డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసి ఉన్న 20.5 గ్రాముల ప్యాకెట్ అడగండి. అది లీటరు నీళ్లకు. అరలీటరు బాటిల్లో మొత్తం పోసి తాగితే కడుపులో తిప్పుతుంది. పేరులో ఓఆర్ఎస్ పెట్టుకున్న తీపి డబ్బా పానీయాలు వేరు, వాటిలో చక్కెర చాలా ఎక్కువ. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఆ మాట వాడొద్దని ఆదేశించింది. ఆవిడకు పిల్లల తల్లిదండ్రులతో పాటు మన రన్నర్లూ కృతజ్ఞత చెప్పుకోవాలి.

పరుగులో శక్తి కోసం జెల్స్ (చిన్న ప్యాకెట్లలో వచ్చే తీపి ముద్ద) తినేవాళ్లకు చిన్న చిక్కు ఉంది. తడి వేళ్లతో ప్యాకెట్ చింపడం రాదు. ఇంట్లోనే అంచులో చిన్న గాటు పెట్టి ఉంచండి, లేకపోతే పళ్లతో చింపాలి. ఉప్పు క్యాప్సూల్స్ జేబులో ఊరికే వేసుకుంటే ఇంకా పెద్ద చిక్కు. వాటి పెంకు తడికి కరిగి అన్నీ ఒక ముద్దగా అంటుకుపోతాయి, అవసరమైనప్పుడు తీస్తే వేళ్లకు ఉప్పు బంక అంటుతుంది. బిగుతు మూత ఉన్న చిన్న డబ్బీలో, లోపల టిష్యూ ముక్క పెట్టి ఉంచండి.

ఫోన్ జిప్ కవర్లో పెట్టి, ఇంటివాళ్ల నంబర్ బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే రేసు నంబర్ కాగితం) వెనక వాటర్‌ప్రూఫ్ పెన్నుతో రాయండి. తడి వేళ్లకు టచ్‌స్క్రీన్ పలకదు కాబట్టి, పవర్ బటన్‌తో ఎమర్జెన్సీ కాల్ ఎలా వెళ్తుందో ముందే చూసుకోండి. వాచీ టచ్ లాక్ చేసి బటన్లతో నడపండి. బిబ్ నాలుగు మూలలా పిన్నులు పెట్టండి, మడవకండి. మీ టైమ్ లెక్కించే చిప్ దానిలోనే ఉంటుంది.

చలి మన దగ్గర అరుదని పైన చెప్పాను, కానీ అసలు రాదని కాదు. అది వచ్చేది చివరి పది కిలోమీటర్లలో, నడక మొదలుపెట్టినవాళ్లకు. పరుగెడుతున్నంతసేపు కండరాలు వేడి పుట్టిస్తాయి. నడక మొదలైతే ఆ వేడి సగానికి పడిపోతుంది, బట్టలు తడిసే ఉంటాయి, ఫ్లైఓవర్ మీద గాలి కొడుతుంది. నీళ్లు గాలికన్నా దాదాపు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేస్తాయి. 2021 మేలో చైనాలోని గాన్సు కొండల్లో 100 కిలోమీటర్ల పరుగు మధ్యలో ఒక్కసారిగా చల్లటి వాన, వడగళ్లు, పెనుగాలి వచ్చిపడితే 172 మందిలో 21 మంది ప్రాణాలు పోయాయి. అది ఎత్తైన కొండ ప్రాంతం, మన హైదరాబాద్‌కు అంత భయం లేదు. కానీ తడి, గాలి, అలసట మూడూ కలిస్తే ఒళ్లు ఎలా లొంగిపోతుందో అది చూపిస్తుంది. పక్కన ఉన్న రన్నర్ గజగజ వణుకుతుంటే, జెల్ ప్యాకెట్ చింపలేక తడబడుతుంటే, మాట ముద్దగా వస్తుంటే వెంటనే ఆపి మెడికల్ స్టాల్‌కి తీసుకెళ్లండి. వణుకుతున్న మనిషి వణుకు ఆగిపోయి, మత్తుగా, అర్థం లేకుండా మాట్లాడితే అది కుదుటపడటం కాదు, ఇంకా ప్రమాదం. ఇదే తికమక ఎండదెబ్బలోనూ, సోడియం తగ్గినప్పుడూ కనిపిస్తుంది. ఏదని తేల్చేది డాక్టర్లు, మీ పని వాళ్ల దగ్గరికి చేర్చడం.

ముగించాక ఫొటోల కోసం తడి బట్టలతో అరగంట నిలబడకండి. మెడల్ తీసుకుని, పది నిమిషాలు నడిచి, బ్యాగు తీసుకుని ముందు పైబట్టలు, తర్వాత సాక్సులు మార్చండి. కూర్చోవడానికి ముందే వేడి టీనో పాలో తాగండి. ఇంటికి బండి మీద వెళ్లాలనుకోవద్దు. తడి ఒంటికి గాలి కొట్టడం ఒకటైతే, 42 కిలోమీటర్ల తర్వాత బ్రేక్ మీద కాలు సరిగ్గా పడదు. ఎవరినైనా కారులో రమ్మనండి, లేదా క్యాబ్ మాట్లాడుకోండి. మెట్రో అయినా మంచిదే.

ఇంటికొచ్చాక పాదాలు సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తుడిచి, ఫ్యాన్ కింద ఓ గంట అలాగే వదిలేయండి. బొబ్బ చిట్లకపోతే చిట్లించకండి. చిట్లితే కడిగి, పైపొర పీకెయ్యకుండా శుభ్రమైన కట్టు వేయండి. షూస్‌లో ఇన్‌సోల్ తీసి, లోపల న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, రెండు గంటలకోసారి మార్చండి. ఎండలో, హీటర్ ముందు పెడితే జిగురు ఊడుతుంది.

ఇంకొక్కటి, దీన్ని మాత్రం రాసి పెట్టుకోండి. వరద నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి ఉంటుంది, దాని నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది. చిట్లిన బొబ్బలు, ఒరిసిన చర్మం దానికి తెరిచిన తలుపులు. లక్షణాలు మామూలుగా 5 నుంచి 14 రోజుల్లో, ఒక్కోసారి నెల లోపు ఎప్పుడైనా బయటపడతాయి: జ్వరం, తలనొప్పి, కళ్లు ఎర్రబడటం, పిక్కల్లో విపరీతమైన నొప్పి. చిక్కంతా ఆ పిక్కల నొప్పితోనే. ఫుల్ చేసినవాళ్లు అది పరుగు నొప్పే అనుకుని మాత్ర వేసుకుని ఊరుకుంటారు. పరుగు నొప్పి రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పడుతుంది, దానికి జ్వరం ఉండదు. వారం తర్వాత జ్వరంతో పాటు పిక్కలు మళ్లీ నొప్పెడితే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఫలానా రోజు వాన నీళ్లలో పరుగెత్తానని, కాళ్లకు బొబ్బలున్నాయని మీరే చెప్పండి. ఆ మాట చెప్తే దేనికి పరీక్ష చేయాలో వాళ్లకు వెంటనే తడుతుంది. తొందరగా పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్స్‌తోనే తగ్గుతుంది. మోకాళ్ల దాకా నీళ్లలోంచి వెళ్లాల్సి వచ్చి, పాదాలకు గాయాలు కూడా ఉంటే, జ్వరం వచ్చేదాకా ఆగకుండా ముందుజాగ్రత్తగా మందు అవసరమా అని మర్నాడే అడగండి.